శిక్షణ రోగి మంచం దాకా రావాలి: ఆసుపత్రి యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆసుపత్రి యాజమాన్యాలకు, సూపరింటెండెంట్లకు, సిబ్బంది శిక్షణ బాధ్యత చూస్తున్న అధికారులకు నమస్కారం.

రోగుల సంతృప్తి తగ్గిందని నివేదిక వచ్చిన ప్రతిసారీ మీ సమావేశాల్లో సిబ్బందికి శిక్షణ ఇప్పించాలన్న తీర్మానం జరుగుతుంది. ఆ తీర్మానం మంచిదే. కానీ దాని తరువాత సాధారణంగా ఏం జరుగుతుందో ఆ శిక్షణ ఇచ్చేవారిలో ఒకరిగా నాకు దగ్గరగా తెలుసు. అప్పుడే డ్యూటీ దిగినవారినీ, కాసేపట్లో డ్యూటీ ఎక్కబోయేవారినీ ఒక హాలులో కూర్చోబెట్టి, రెండు గంటలపాటు తెరమీద అక్షరాలు చూపించి, చిరునవ్వుతో పలకరించాలని, ఓపిక పట్టాలని చెప్పి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకుని పంపించేస్తారు. తరువాతి సర్వేలో మార్పు కనిపించకపోతే, ఎంత చెప్పినా ఈ సిబ్బంది మారరు అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ నిర్ణయం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను. సిబ్బంది మారతారు. అయితే మనం వారికి నేర్పుతున్న విషయం, నేర్పుతున్న తీరు, నేర్పుతున్న చోటు ముందుగా మారాలి.

మొదట, రోగి అసంతృప్తి ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఫిర్యాదుల పెట్టెలోని కాగితాలు విప్పి చదివితే, దురుసుగా మాట్లాడారు, కసురుకున్నారు అన్నవి ఉంటాయి, కాదనను. కానీ నేను చదివినంతలో వాటికంటే ఎక్కువసార్లు కనిపించే మాట "మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు" అన్నది. రక్తం మళ్లీ ఎందుకు తీశారో చెప్పలేదు. పెద్ద డాక్టరు ఏ వేళకు వస్తారో చెప్పలేదు. రాత్రి ఇచ్చిన మాత్ర రంగు ఎందుకు మారిందో చెప్పలేదు. ఇంటికి పంపించే రోజున చేతిలో కాగితం పెట్టారు గానీ, నొప్పి తిరగబెడితే ఏం చేయాలో చెప్పలేదు. ఈ ఫిర్యాదులకు జవాబుగా మనం సిబ్బందికి నవ్వడం నేర్పిస్తున్నాం. జబ్బుకూ మందుకూ పొంతన లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఒక్క సందర్భాన్ని మీ ముందు పెడతాను. వార్డులోని రోగిని స్కానింగ్‌కు తీసుకువెళ్లాలి. స్ట్రెచర్ వస్తుంది. ఇద్దరు సహాయకులు దుప్పటి అంచులు పట్టుకుని రోగిని దానిమీదికి మారుస్తారు, కాళ్ల దగ్గర కేస్ షీటు పెడతారు, చక్రాలు కదులుతాయి. వెల్లకిలా పడుకున్న ఆ మనిషికి పైకప్పు దీపాలు ఒక్కొక్కటే వెనక్కి జరిగిపోవడం తప్ప ఏమీ కనబడదు. లిఫ్టు కోసం ఆగినప్పుడు తోస్తున్నవారు ఆ మనిషి తలమీదుగానే తమలో తాము మాట్లాడుకుంటారు. స్కానింగ్ గది బయట గోడవారగా స్ట్రెచర్ ఆపి, కేస్ షీటు లోపల ఇచ్చి, వేరే పిలుపు వస్తే వెళ్లిపోతారు. అక్కడ ఎంతసేపు ఉండాలో, తిరిగి ఎవరు వచ్చి తీసుకువెళతారో, చలివేస్తే ఎవరిని అడగాలో ఆ రోగికి తెలియదు. ఇందులో ఎవరూ అమర్యాదగా ప్రవర్తించలేదు. పని కూడా సక్రమంగానే జరిగింది. అయినా ఆ అరగంట ఆ రోగి మనసులో భయంగానే మిగులుతుంది. "మిమ్మల్ని కింది అంతస్తులో స్కానింగ్‌కు తీసుకువెళుతున్నాం, మీకంటే ముందు ఇద్దరున్నారు, అయిపోగానే మేమే వచ్చి తీసుకువస్తాం, ఈలోగా ఏదైనా కావాలంటే ఈ గుమ్మం దగ్గర ఉన్న ఆమెను అడగండి" అని చెప్పడానికి పది పదిహేను సెకన్లకు మించి పట్టదు. ఆ సహాయకులు ఆ మాట చెప్పకపోవడానికి కారణం వారికి దయ లేకపోవడం కాదు. అలా చెప్పడం కూడా తమ పనిలో భాగమేనని వారికి ఎవరూ, ఎన్నడూ నేర్పలేదు.

ప్రపంచంలో బాగా తెలిసిన రోగుల సర్వేలు కూడా ఇదే వైపు చూపిస్తున్నాయి. అమెరికాలో 2006 నుంచి అమలులో ఉన్న, 2008 నుంచి ఆసుపత్రుల వారీగా ఫలితాలు ప్రజల ముందు పెడుతున్న హెచ్‌క్యాప్స్ సర్వేలో, మిమ్మల్ని మర్యాదగా చూశారా అన్న ప్రశ్న పక్కనే, మీ మాట శ్రద్ధగా విన్నారా, మీకు అర్థమయ్యేలా వివరించారా, కొత్త మందు ఇచ్చే ముందు అది దేనికోసమో చెప్పారా అన్న ప్రశ్నలు ఉన్నాయి. సిబ్బంది నవ్వుతూ కనిపించారా అన్న ప్రశ్న అందులో లేదు. వినడం, వివరించడం, ముందుగా చెప్పడం నైపుణ్యాలు. సూది వేయడం నేర్చుకున్నట్టే వీటినీ నేర్చుకోవచ్చు. సూది వేయడం ఉపన్యాసం విని ఎలా రాదో, ఇవీ అలాగే రావు.

ఈ నైపుణ్యాలను నేర్పితే రోగి అనుభవం మారుతుందనడానికి ఆధారాలు ఉన్నాయి. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ హెలెన్ రీస్ బృందం, శిక్షణలో ఉన్న యువ వైద్యులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మాత్రమే గంట చొప్పున మూడు తరగతులు ఇచ్చింది. రోగి ముఖంలోని భావాలను గమనించడం, తమలో కలిగే చిరాకును గుర్తించి అదుపులో పెట్టుకోవడం అందులో నేర్పారు. తరువాత రోగులు ఇచ్చిన మార్కుల్లో శిక్షణ పొందినవారు రెండో వర్గం కంటే మెరుగ్గా నిలిచారు. క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి, అనుభవజ్ఞులైన వైద్యులతో సహా వందలాది మందికి ఎనిమిది గంటల సంభాషణ శిక్షణ ఇచ్చి, ఆ ఫలితాలను 2016లో ప్రచురించింది. రోగుల సంతృప్తి మార్కులు పెరిగాయి. ఆ పెరుగుదల భారీది కాదని కూడా చెప్పడం న్యాయం. కానీ అదే అధ్యయనంలో వైద్యుల సానుభూతి పెరిగి, పనిభారం వల్ల కలిగే నిస్సత్తువ తగ్గినట్టు కూడా తేలింది. సిబ్బందిని ఇంకాస్త శ్రమ పెట్టే పథకంగా శిక్షణను చూసేవారు ఈ చివరి సంగతిని దయచేసి గమనించాలి.

ఇక్కడ మీరు వేయబోయే ప్రశ్న నాకు తెలుసు. సమయం ఎక్కడిది? ఓపీలో క్యూ వరండా దాటిపోతున్నప్పుడు ఒక్కొక్కరి కథా వింటూ కూర్చుంటే మిగతావారి గతి ఏమిటి? ఈ ప్రశ్న న్యాయమైనది, కాబట్టి కొంచెం వివరంగా జవాబు చెబుతాను. 1984లో హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే పరిశోధకులు 74 సంప్రదింపుల రికార్డింగులను పరిశీలించి, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లలోనే వైద్యుడు అడ్డుపడుతున్నాడని, చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగిన రోగులు నాలుగో వంతు కూడా లేరని చూపించారు. అడ్డుపడకపోతే రోగి గంటలకొద్దీ మాట్లాడతాడన్న భయమే దీనికి మూలం. ఆ భయాన్ని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పరీక్షించి చూశారు. అడ్డుపడకుండా వినడంలో శిక్షణ పొందిన వైద్యుల ముందు 335 మంది రోగులు తమంతట తాము ఎంతసేపు మాట్లాడతారో రహస్యంగా కొలిచారు. 2002లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం సగటు 92 సెకన్లు. 78 శాతం మంది రెండు నిమిషాల లోపే ముగించారు. అయిదు నిమిషాలు దాటి మాట్లాడినవారు ఏడుగురు మాత్రమే. ఆ ఏడుగురూ చెప్పింది అవసరమైన సమాచారమేనని వారిని చూసిన వైద్యులే అన్నారు.

రోగి మాట మధ్యలో ఆగిపోతే అది అక్కడితో పోదు. చెప్పలేకపోయిన ఆ సంగతిని రోగి గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చెబుతాడు, లేదా బయట ఉన్న నర్సును పట్టుకుని అడుగుతాడు, లేదా మందుల కౌంటర్లో అడుగుతాడు, లేదా మర్నాడు మళ్లీ వస్తాడు. క్యూ పొడవుకు ఇదీ ఒక కారణమే. కూర్చుని మాట్లాడటం వంటి చిన్న విషయంలోనూ ఇలాంటిదే తేలింది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో శస్త్రచికిత్స తరువాతి సందర్శనలను పరిశీలించినప్పుడు, మంచం పక్కన కూర్చుని మాట్లాడిన వైద్యుడు, నిలబడి మాట్లాడినప్పటికంటే ఎక్కువసేపు తమతో గడిపినట్టు రోగులు భావించారు. గడియారం ప్రకారం రెండు సందర్భాల్లోనూ సమయంలో పెద్ద తేడా లేదు. వార్డులో మంచానికొక స్టూలు ఉందా లేదా అన్నది కూడా శిక్షణకు సంబంధించిన విషయమేనని దీన్ని చూశాక నాకు అనిపిస్తుంది.

ఎలా నేర్పాలన్న దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా అనుభవంలో అసలు తేడా ఇక్కడే ఉంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హోవర్డ్ బారోస్ అనే వైద్యుడు 1963లోనే, రోగిగా నటించేలా తర్ఫీదు ఇచ్చిన వ్యక్తిని విద్యార్థుల ముందు కూర్చోబెట్టి నేర్పే పద్ధతిని మొదలుపెట్టాడు. దానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు. ఒక సీనియర్ నర్సు రోగిగా మంచం మీద పడుకుంటే చాలు. కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి కాన్యులా పెట్టడం అభినయిస్తుంది. చాలామంది చేసే పని ఇలా ఉంటుంది: చేయి లాగి, పట్టీ బిగించి, "కదలకండి" అని, పొడిచాక "అయిపోయింది" అంటారు. అప్పుడు మంచం మీద ఉన్న ఆమె లేచి, నా చేయి ఎందుకు పట్టుకున్నావో నాకు తెలియలేదమ్మా అని చెబుతుంది. రెండోసారి ఆ అమ్మాయి ముందు తన పేరు చెబుతుంది, మందు ఎక్కించడానికి చిన్న గొట్టం పెడుతున్నానంటుంది, ఏ చేతికి పెట్టమంటారని అడుగుతుంది, ఇప్పుడు చురుక్కుమంటుంది అని పొడిచే ముందు చెబుతుంది, వాపు గానీ మంట గానీ అనిపిస్తే పిలవమని చెప్పి వెళుతుంది. మూడోసారికి ఆ మాటలు వల్లెవేసినట్టు కాకుండా ఆమె సొంత మాటల్లా వస్తాయి. హాలులో ఉపన్యాసం వల్ల ఇది జరగడం నేను చూడలేదు.

వివరించడంలో మరొక మెలకువ ఉంది. మనం చెప్పిన తరువాత, అర్థమైందా అని అడిగితే దాదాపు ప్రతి రోగీ తల ఊపుతాడు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఎవరికైనా నామోషీ. అందుకే, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఈ మందు ఎప్పుడెప్పుడు వేసుకుంటారో మీరు ఒకసారి చెప్పండి" అని అడగడం నేర్పాలి. తప్పు ఉంటే ఆ క్షణమే బయటపడుతుంది, నామోషీ రోగిమీద పడదు. డిశ్చార్జి రోజున ఈ ఒక్క అలవాటు ఉంటే, ఇంటికి వెళ్లాక వచ్చే సగం అయోమయం ముందే తీరుతుంది. అశుభవార్త చెప్పవలసి వచ్చినప్పుడు అనుసరించడానికి స్పైక్స్ అనే ఆరు దశల పద్ధతి 2000 నుంచి ప్రచారంలో ఉంది. చోటు చూసుకోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడగడం వంటివి అందులో ఉన్నాయి. ఇది వైద్యులకే కాదు, ఆ వార్త విన్న కుటుంబాన్ని తరువాతి గంటలో ఎదుర్కొనే నర్సులకు కూడా తెలిసి ఉండాలి.

పేరు చెప్పడం గురించి పైన అన్నాను. ఇంగ్లండ్‌లో వృద్ధుల వైద్యంలో నిపుణురాలైన డాక్టర్ కేట్ గ్రేంజర్, తానే క్యాన్సర్ రోగిగా 2013లో ఆసుపత్రిలో చేరినప్పుడు, తన దగ్గరికి వచ్చిన సిబ్బందిలో చాలామంది తమ పేరు చెప్పుకోలేదని గమనించి, ప్రతి ఒక్కరూ ముందు తమను తాము పరిచయం చేసుకోవాలన్న ఉద్యమాన్ని మొదలుపెట్టారు. ఆమె 2016లో కన్నుమూశారు. ఆ ఉద్యమం ఆ దేశమంతటా ఆసుపత్రులకు పాకింది. ఆసుపత్రి పద్ధతులన్నీ తెలిసిన వైద్యురాలికే పేరు తెలియని చేతులు తనను తాకడం అంత బాధ కలిగిస్తే, అక్కడ ఏదీ తెలియని సామాన్య రోగి పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి.

నేను మీ ముందు పెట్టదలచుకున్న అతి ముఖ్యమైన అభ్యర్థన ఇప్పుడు చెబుతాను. శిక్షణ జాబితాలో ఎవరి పేర్లు ఉంటున్నాయి? వైద్యులకు సదస్సులు ఉంటాయి, నర్సులకు అప్పుడప్పుడు తరగతులు ఉంటాయి. రోగి ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఎదురయ్యే సెక్యూరిటీ వ్యక్తి, టోకెన్ ఇచ్చే కౌంటర్ ఉద్యోగి, మలమూత్రాలు ఎత్తే ఆయా, స్ట్రెచర్ తోసే సహాయకుడు, తెల్లవారుజామున మంచం కింద తుడిచే పారిశుద్ధ్య కార్మికురాలు ఆ జాబితాలో ఎక్కడా కనిపించరు. వీరిలో చాలామంది కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా వచ్చినవారు కాబట్టి, వారి శిక్షణ తమ బాధ్యత కాదని ఆసుపత్రీ, తమది కాదని ఏజెన్సీ అనుకుంటాయి. రోగికి ఆ తేడా తెలియదు. అతనికి వీరంతా ఆసుపత్రే. రోజు మొత్తంలో రోగి శరీరానికి, అతని సిగ్గుకు, అతని నిస్సహాయతకు అందరికంటే దగ్గరగా మసలేది వీరే. పడకమీదే బెడ్‌పాన్ పెట్టవలసి వచ్చినప్పుడు తెర లాగుతారా లేదా అన్నది వైద్యుడి చేతిలో లేదు, ఆయా చేతిలో ఉంది.

ఇంగ్లండ్‌లో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రుల్లో రోగుల పట్ల జరిగిన ఘోరమైన నిర్లక్ష్యంపై 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 290 సిఫారసులతో వెలువడింది. అదే ఏడాది సహాయక సిబ్బంది పరిస్థితిపై వచ్చిన కావెండిష్ సమీక్ష, వారికి ఒక ఉమ్మడి ప్రాథమిక శిక్షణ ఉండాలని కోరింది. దాని ఫలితంగా 2015లో పదిహేను ప్రమాణాలతో ఒక శిక్షణ పత్రం అమలులోకి వచ్చింది. సంభాషణ, రోగి గోప్యత, గౌరవం ఆ ప్రమాణాల్లో ఉన్నాయి. అంత పెద్ద దుర్ఘటన జరిగి, అంత పెద్ద విచారణ నడిచిన తరువాత గానీ సహాయక సిబ్బందికి ఏం నేర్పాలన్న ప్రశ్న ముందుకు రాలేదు. మీరు అంతవరకు ఆగనవసరం లేదు.

శిక్షణను అన్ని లోపాలకూ జవాబుగా నేను చూపించడం లేదు. 2014లో లిండా ఐకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి బృందం తొమ్మిది ఐరోపా దేశాల్లోని 300 ఆసుపత్రుల సమాచారంతో చేసిన అధ్యయనంలో, ఒక్కో నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, శస్త్రచికిత్స జరిగిన రోగులు 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుందని, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే ఆ అవకాశం 7 శాతం తగ్గుతుందని తేలింది. చదువూ కావాలి, మనుషులూ కావాలి అన్నది దీని సారం. ఒక్క నర్సుకు మోయలేనంత వార్డును అప్పగించి, ఆమెకు ఓపికపై తరగతి పెట్టడం ఆమెను అవమానించడమే. అలాంటి తరగతుల్లో వారి ముఖాలు నేను చూశాను. షిఫ్టు మారేటప్పుడు సమాచారం అప్పగించే విధానం కూడా ఇలాంటిదే. ఒక రోగికి ముగ్గురు మూడు రకాలుగా చెబితే తప్పు వారి మాటతీరులో లేదు, హ్యాండోవర్ ఒక పద్ధతి ప్రకారం జరగకపోవడంలో ఉంది.

అలాగే సంతృప్తి మార్కులనే గమ్యంగా పెట్టుకోవద్దని కూడా మనవి చేస్తున్నాను. 2012లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అత్యధిక సంతృప్తి తెలిపిన రోగుల్లో ఆసుపత్రి చేరికలు, ఖర్చులు, మరణాలు కూడా ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. ఒకటి రెండోదానికి కారణమని దాని అర్థం కాదు. అయినా రోగి అడిగిన ప్రతి మందూ రాసిచ్చి మార్కులు తెచ్చుకోవడం వైద్యం కాదన్న హెచ్చరిక అందులో ఉంది. మరోవైపు, 2013లో 55 అధ్యయనాలను కలిపి పరిశీలించినవారు, రోగి అనుభవం బాగున్నచోట భద్రత, చికిత్స ఫలితాలు కూడా మెరుగ్గా ఉండే ధోరణిని గుర్తించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది: రోగి అడిగిన యాంటీబయాటిక్ ఇచ్చేయడం కంటే, అది ఎందుకు అక్కరలేదో అతను ఒప్పుకునేలా చెప్పగలగడం కష్టమైన పని, శిక్షణ కోరే పని. ఫీడ్‌బ్యాక్ ఫారంలో వచ్చిన అంకెను బట్టి ఒక్కొక్క ఉద్యోగి జీతం కోసే ఆసుపత్రుల్లో ఆ పని ఎవరూ చేయరు. రోగి చేత మంచి మార్కు వేయించుకునే మార్గాలు వెతుకుతారు.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. శిక్షణను డ్యూటీ వేళల్లోనే, జీతంతోనే ఇవ్వండి. ఆ వేళ వార్డు చూసుకోవడానికి బదులు మనిషిని పెట్టండి. కాంట్రాక్టు సిబ్బందిని అందులో చేర్చండి, ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడే శిక్షణ గంటలను అందులో పెట్టండి. హాలులో కంటే వార్డులో, ఉపన్యాసంగా కంటే అభ్యాసంగా జరిపించండి. ఒక్కసారి ఇచ్చి వదిలేయకుండా, సీనియర్ ఒకరు పక్కన నిలబడి చూసి, బాగున్నది బాగుందని, దిద్దుకోవలసింది దిద్దుకోమని చెప్పే ఏర్పాటు నెలల తరబడి కొనసాగించండి. విభాగాధిపతులు, పెద్ద డాక్టర్లు కూడా ఆ అభ్యాసంలో కూర్చోవాలి. రౌండ్లలో పెద్ద డాక్టరు రోగి పేరుకు బదులు పడక నంబరుతో పిలుస్తుంటే, కింది సిబ్బందికి మేము నేర్పినది ఆ పూటే చెరిగిపోతుంది. శిక్షణ ఫలించిందో లేదో హాజరు పట్టీని చూసి కాకుండా, వార్డులో నిలబడి చూసి, రోగులను అడిగి తేల్చండి.

మీలో ఎవరైనా ఒక్క వార్డులో దీన్ని ప్రయత్నించదలచుకుంటే, అభ్యాసానికి కావలసిన సందర్భాలను రాసి ఇవ్వడానికి, మొదటి విడతలో దగ్గరుండి నడిపించడానికి నేను, నాతో పనిచేస్తున్న తోటి శిక్షకులు సిద్ధంగా ఉన్నాం. ఆ వార్డును ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే బాగా నడుస్తున్నదాన్ని కాకుండా, ఫిర్యాదులు ఎక్కువగా వస్తున్నదాన్నే మాకు ఇవ్వండి.

ఇట్లు
ఒక నర్సింగ్ శిక్షకురాలు